పూత నుంచి గింజ దాకా

పువ్వు పుట్టేది విత్తనం కోసం. దాని రంగు, వాసన, తేనె, ఆకారం, విచ్చుకునే వేళ అన్నీ ఆ ఒక్క పని చుట్టూ అమరినవే. వేరుతో నీరు పీల్చి, ఆకుతో ఆహారం తయారుచేసుకుని కూడబెట్టుకున్న బలంలో పెద్ద భాగాన్ని మొక్క కొద్ది రోజుల పూత మీద వెచ్చిస్తుంది. ఆ కొద్ది రోజుల్లో, కొన్ని పంటల్లో అయితే కొద్ది గంటల్లోనే, పువ్వు లోపల జరగవలసిన కలయిక జరిగితే గింజ కడుతుంది. జరగకపోతే పూత రాలిపోతుంది, కంకిలో తాలు మిగులుతుంది. అన్నం మెతుకు, కందిపప్పు బద్ద, కొబ్బరి నీళ్లు, నువ్వుల నూనె, నూలు బట్ట అన్నీ ఆ కలయిక ఫలితాలే.

భూమి మీద పూల మొక్కల జాతులు 3 లక్షలకు పైగా ఉన్నాయి. శిలాజాల్లో వాటి జాడలు సుమారు 13 కోట్ల ఏళ్ల కిందటి నుంచి కనిపిస్తాయి. గరికపోచకూ మర్రిచెట్టుకూ ఆకారంలో ఎంత తేడా ఉన్నా, విత్తనం తయారయ్యే పద్ధతి మాత్రం మూలంలో ఒక్కటే.

పువ్వులో ఏముంది?

పువ్వు భాగాలు తెలుసుకోవడానికి పెరటి మందారం చాలు. అడుగున ఆకుపచ్చని గిన్నెలా ఉండేవి రక్షక పత్రాలు. మొగ్గగా ఉన్నప్పుడు లోపలి భాగాలను ఇవే కాపాడతాయి. వాటిపైన ఎర్రగా విప్పారేవి ఆకర్షణ పత్రాలు. మధ్యలో నిలిచిన పొడుగాటి గొట్టానికి అంటుకుని పసుపు పొడితో కనిపించేవి కేసరాలు. అవి పువ్వులోని మగ భాగం. కేసరం కొసనున్న పరాగకోశంలో పుప్పొడి తయారవుతుంది. ఆ గొట్టం లోపలి నుంచి సాగి, కొసన అయిదు చిన్న బొడిపెలుగా బయటకు వచ్చేది ఆడ భాగం. ఆ బొడిపెలు కీలాగ్రాలు, వాటిని మోసే కాడ కీలం, పువ్వు అడుగున దాగిన చిన్న ఉబ్బు అండాశయం. అండాశయాన్ని చీల్చి చూస్తే లోపల తెల్లని నలుసులు కనిపిస్తాయి. అవి అండాలు. రేపు విత్తనాలయ్యేవి అవే.

ఆడ, మగ భాగాలు రెండూ ఒకే పువ్వులో ఉంటే అది ద్విలింగ పుష్పం. మందారం, వంగ, బెండ, పత్తి, వరి, కంది ఈ కోవలోవి. బీర, సొర, గుమ్మడి, కాకర పాదుల్లో ఆడపువ్వులు వేరు, మగపువ్వులు వేరు. రెండూ ఒకే తీగకు పూస్తాయి. ఆడపువ్వును గుర్తుపట్టడం సులువు, దాని కింద చిన్న పిందె మొదటి నుంచీ ఉంటుంది. ఆముదం గెలలో ఆడపువ్వులు పైన, మగపువ్వులు కింద ఉంటాయి. తాటిచెట్లలో ఏకంగా చెట్లే వేరు. పోతుతాడికి గెలలు వస్తాయి కానీ కాయలు కాయవు, తాటిముంజలు పెంటితాడికే కాస్తాయి. బొప్పాయిలో ఆడ చెట్లు, మగ చెట్లు, ద్విలింగ పూలు పూసే చెట్లు మూడు రకాలూ ఉంటాయి. మామిడి పూగుత్తిలో మగపూలు, ద్విలింగ పూలు కలిసి ఉంటాయి. మగపూలు కాయ కాయలేవు కాబట్టి, చెట్టు నిండా పూత వచ్చినా అందులో చాలా భాగం రాలిపోవడం సహజమే.

పుప్పొడి, అండం సిద్ధమయ్యే తీరు

మొక్క శరీరంలోని కణాల్లో క్రోమోజోములు జంటలుగా ఉంటాయి. వరిలో వాటి సంఖ్య 24, అంటే 12 జంటలు. పరాగకోశంలో ఉండే మాతృకణం క్షయకరణ విభజన అనే ప్రత్యేక పద్ధతిలో విడిపోయి నాలుగు పుప్పొడి రేణువులవుతుంది. ప్రతి జంట నుంచి ఒకటి చొప్పున ఒక్కో రేణువుకు 12 క్రోమోజోములే దక్కుతాయి. ఏ జంటలో ఏది ఎవరికి దక్కుతుందన్నది ప్రతిసారీ మారుతుంది. ఒకే కాయలోని గింజల నుంచి వచ్చిన మొక్కల మధ్య కూడా తేడాలు కనిపించడానికి ఇది ఒక ముఖ్య కారణం.

పుప్పొడి రేణువు కంటికి ధూళిలా కనిపించినా దాని నిర్మాణం చాలా గట్టిది. పైపొర కుళ్లకుండా లక్షల ఏళ్లు నిలవగలదు. అందుకే చెరువు మట్టిలో, శిలల్లో దొరికిన పుప్పొడిని బట్టి పూర్వం ఆ చోట ఏ మొక్కలు ఉండేవో శాస్త్రవేత్తలు చెప్పగలుగుతున్నారు. రేణువు లోపల ఒక కణం, రేణువు మొలిచినప్పుడు సాగే నాళాన్ని పెంచే పని చూస్తుంది, మరొకటి రెండుగా విడిపోయి రెండు పురుష బీజకణాలను ఇస్తుంది.

ఆడ భాగంలోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది. ప్రతి అండంలో ఒక మాతృకణం నాలుగుగా విడిపోతుంది. సాధారణంగా వాటిలో మూడు నశించి ఒకటే మిగులుతుంది. అది మూడుసార్లు విభజన చెంది ఎనిమిది కేంద్రకాలు, ఏడు కణాలు గల పిండకోశం అవుతుంది. అందులో ఒకటి స్త్రీ బీజకణం. దాని పక్కన రెండు సహాయ కణాలు, ఎదుటి కొసన మూడు ప్రతిపాద కణాలు ఉంటాయి. మధ్యనున్న పెద్ద కణంలో రెండు కేంద్రకాలు ఉంటాయి.

పుప్పొడి ప్రయాణం

పరాగకోశం నుంచి పుప్పొడి కీలాగ్రాన్ని చేరడమే పరాగ సంపర్కం. మొక్కల్లోనూ ఆడ, మగ తేడా ఉందని ప్రయోగాలతో రుజువు చేసినవాడు జర్మనీలోని ట్యూబింగెన్‌కు చెందిన రుడాల్ఫ్ కామెరేరియస్. ఆముదం మొక్కల మగపూలను విచ్చుకోకముందే తీసేస్తే గింజలు కట్టలేదని గమనించి, 1694లో ఆ సంగతి ప్రకటించాడు.

పుప్పొడి అదే పువ్వులోని, లేదా అదే మొక్క మీది మరో పువ్వులోని కీలాగ్రం మీద పడితే స్వపరాగ సంపర్కం అంటారు. వరి, వేరుశనగ, పెసర, మినుము ఎక్కువగా ఈ దారిలోనే గింజ కడతాయి. వీటికి వాహకుల కోసం ఎదురుచూడవలసిన పని లేదు. రకం లక్షణాలు కూడా తరతరాలకూ మారకుండా నిలుస్తాయి. అందుకే రైతు తన పొలంలోని వరి గింజనే మరుసటి ఏడు విత్తనంగా దాచుకోగలిగాడు.

పుప్పొడి వేరే మొక్క నుంచి రావడం పరపరాగ సంపర్కం. దీనివల్ల రెండు మొక్కల గుణాలు కలిసి, కొత్త తెగుళ్లకూ మారే వాతావరణానికీ తట్టుకోగల సంతానం పుట్టే వీలుంటుంది. స్వపరాగాన్ని అడ్డుకోవడానికి చాలా మొక్కల్లో గట్టి ఏర్పాట్లు ఉన్నాయి. సీతాఫలం పువ్వులో కీలాగ్రాలు ముందు సిద్ధమవుతాయి, అవి వాడిపోయే వేళకు గానీ పుప్పొడి రాలదు. చిన్న పెంకు పురుగులు ఒక పువ్వు పుప్పొడిని మరో పువ్వుకు మోస్తేనే కాయ నిలుస్తుంది. సీతాఫలం చెట్టుకు పూలు దండిగా పూసినా కాయలు తక్కువగా నిలవడానికి కారణం ఇదే. పొద్దుతిరుగుడులో దీనికి తిరగబడిన వరస, పుప్పొడి ముందు, కీలాగ్రం తర్వాత. మరికొన్ని మొక్కల్లో సొంత పుప్పొడి కీలాగ్రం మీద పడినా దాన్ని గుర్తించి మొలకెత్తనివ్వని రసాయన ఏర్పాటు ఉంటుంది.

గాలిని నమ్ముకున్న పూలకు రంగు, వాసన, తేనె అక్కరలేదు. వాటి పుప్పొడి తేలికగా, పొడిగా, విస్తారంగా ఉంటుంది. మొక్కజొన్నలో కొసన వచ్చే మగపూత నుంచి పుప్పొడి గాలికి రాలి కంకి పీచు మీద పడుతుంది. పీచులోని ఒక్కో పోగు లోపల ఒక్కో గింజకు దారి. ఏ పోగుకు పుప్పొడి అందలేదో, కంకిలో అక్కడ గింజ కట్టక ఖాళీ మిగులుతుంది.

పూల మొక్కల్లో అత్యధిక భాగం మాత్రం జీవుల మీదే ఆధారపడతాయి. తేనెటీగ తేనె కోసం వచ్చి ఒంటి నూగుకు పుప్పొడి అంటించుకుని మరో పువ్వు మీద వాలుతుంది. సొరపువ్వు తెల్లగా, సాయంత్రం విచ్చుకునేది చీకట్లో తిరిగే రెక్కల పురుగుల కోసం. ఎర్రని మోదుగుపూల మీదికి పిట్టలు వస్తాయి. బూరుగుపూలకు పక్షులతోపాటు గబ్బిలాలూ వస్తాయి. వంగ, టమాటా పూలలో పుప్పొడి పరాగకోశాల కొసనున్న సన్నని దారిలోంచే బయటపడాలి. నల్లని తుమ్మెదల వంటివి పువ్వును పట్టుకుని ఒంటిని వేగంగా అదిరించి పుప్పొడిని రాలుస్తాయి. తేనెటీగకు ఆ విద్య తెలియదు.

ఈ పొత్తుల్లో అన్నిటికన్నా విచిత్రమైనది మేడిచెట్టుది. మేడికాయగా కనిపించేది నిజానికి లోపలికి ముడుచుకున్న పూగుత్తి. వందలాది చిన్న పూలు ఆ కాయ లోపలి గోడకు ఉంటాయి. కొసనున్న సన్నని రంధ్రం గుండా ఒక జాతి కందిరీగలో ఆడది లోపలికి దూరి, తాను మోసుకొచ్చిన పుప్పొడిని పూలకు అందించి, కొన్ని పూలలో గుడ్లు పెట్టి అక్కడే చనిపోతుంది. ఆ గుడ్ల నుంచి వచ్చిన మగ కందిరీగలకు రెక్కలుండవు. అవి ఆడవాటితో జతకట్టి, బయటకు సొరంగం తొలిచి, కాయలోనే బతుకు ముగిస్తాయి. ఆడవి పుప్పొడి మోసుకుని మరో కాయ వెతుక్కుంటూ ఎగిరిపోతాయి. మేడిపండు పొట్టలోని పురుగులు లేకపోతే మేడిచెట్టుకు విత్తనమే లేదు.

ఫలదీకరణం: ఒకసారి కాదు, రెండుసార్లు

కీలాగ్రం మీద పడిన పుప్పొడి తేమ పీల్చుకుని మొలకెత్తుతుంది. దాని నుంచి వచ్చిన సన్నని పరాగనాళం కీలంలోంచి అండాశయం వైపు సాగుతుంది. దీన్ని మొదట చూసినవాడు ఇటలీకి చెందిన జొవానీ బతిస్తా అమీచీ. గంగవాయిలి మొక్క కీలాగ్రాన్ని సూక్ష్మదర్శినిలో పరిశీలిస్తుండగా రేణువు నుంచి నాళం రావడం అతని కంటబడింది. 1824లో ఆ విషయం ప్రకటించాడు. మొక్కజొన్న పీచులో ఈ నాళం దాదాపు ఒక అడుగు దూరాన్ని ఒక్క రోజులోనే దాటగలదు. చివరి దశలో అండంలోని సహాయ కణాలు విడుదల చేసే రసాయనాలు దానికి దారి చూపుతాయి.

నాళం పిండకోశంలోకి చేరి రెండు పురుష బీజకణాలను వదులుతుంది. ఒకటి స్త్రీ బీజకణంతో కలిసి సంయుక్త బీజం అవుతుంది, దాని నుంచే పిల్ల మొక్క పెరుగుతుంది. రెండోది మధ్య కణంలోని రెండు కేంద్రకాలతో కలుస్తుంది. ఆ కలయిక నుంచి పుట్టేది అంకురచ్ఛదం, అంటే పిల్ల మొక్క తినడానికి దాచిన ఆహారం. ఒకే పిండకోశంలో ఇలా రెండు కలయికలు జరగడాన్ని ద్విఫలదీకరణం అంటారు. దీన్ని రష్యన్ శాస్త్రవేత్త సెర్గీ నవాషిన్ 1898లో లిల్లీ కుటుంబపు మొక్కల్లో కనుగొన్నాడు. మరుసటి ఏడాది ఫ్రాన్స్‌కు చెందిన లియాన్ గినార్ కూడా ఇదే చూపించాడు.

వరిలో లెక్క చూస్తే సంగతి స్పష్టమవుతుంది. సంయుక్త బీజంలో తల్లి నుంచి 12, తండ్రి నుంచి 12, మొత్తం 24 క్రోమోజోములు. అంకురచ్ఛదంలో మూడు కేంద్రకాలు కలుస్తాయి కాబట్టి 36. బియ్యపు గింజలో తెల్లగా కనిపించే భాగమంతా ఈ అంకురచ్ఛదమే. కొసనుండే చిన్న పిండం మర పట్టినప్పుడు తవుడుతో పోతుంది. లేత కొబ్బరిబోండంలోని నీళ్లు కూడా అంకురచ్ఛదమే, ఇంకా కణాలుగా గోడ కట్టుకోని దశలో ఉన్నది. కాయ ముదిరేకొద్దీ చిప్ప లోపలి వైపు కణాలు ఏర్పడి తెల్లని కొబ్బరి పేరుకుంటుంది.

ఈ రంగంలో భారతీయుల కృషి ప్రపంచమంతా గుర్తించినది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో పంచానన్ మహేశ్వరి బృందం 1962లో గసగసాల మొక్క అండాలను, పుప్పొడిని పరీక్షనాళికలో కలిపి ఫలదీకరణం జరిపించింది. రెండేళ్ల తర్వాత అక్కడే శిప్రా గుహ, సతీశ్ చంద్ర మహేశ్వరి ఉమ్మెత్త జాతి మొక్క పరాగకోశాలను పెంచి, వాటి పుప్పొడి నుంచి ఒక్కవరస క్రోమోజోములున్న పిల్ల మొక్కలను సాధించారు. కొత్త వంగడాలను త్వరగా స్థిరపరచడానికి ఆ పద్ధతి దారి వేసింది.

పిందె, కాయ, గింజ

ఫలదీకరణం కాగానే పువ్వులో పనులు మారిపోతాయి. ఆకర్షణ పత్రాలు, కేసరాలు రాలిపోతాయి. అండం విత్తనంగా, దాని పైపొరలు విత్తనపు తోలుగా, అండాశయం కాయగా మారతాయి. వరిలో దీన్నే రైతులు పాలు పోసుకునే దశ అంటారు. గింజలో పిండి పదార్థం మొదట పాలలా చేరి, తర్వాత గట్టిపడుతుంది.

ఆహారం ఎక్కడ దాస్తుందన్నది మొక్కను బట్టి ఉంటుంది. వరి, జొన్న, ఆముదం, కొబ్బరిలో అది అంకురచ్ఛదంలోనే నిలిచిపోతుంది. కంది, శనగ, పెసరలో పిండం పెరుగుతూనే ఆ ఆహారాన్ని తన రెండు బీజదళాల్లోకి తీసేసుకుంటుంది. పప్పు విరిస్తే విడిపోయే రెండు బద్దలు ఆ బీజదళాలే.

కాయల్లోనూ రకాలెన్నో. మామిడిలో తొక్క, గుజ్జు, టెంక మూడూ అండాశయపు గోడ పొరలే, విత్తనం టెంక లోపల ఉంటుంది. కొబ్బరిలో గుజ్జు ఉండవలసిన చోట పీచు ఉంటుంది. సీతాఫలం ఒకే పువ్వులోని అనేక చిన్న అండాశయాలు కలిసి ఏర్పడినది. పనస ఏకంగా పూగుత్తి అంతా కలిసి ఒక పండైనది. జీడిమామిడిలో రసం నిండిన పండు నిజానికి ఉబ్బిన కాడ, అసలు కాయ దాని కింద వేలాడే జీడిగింజే.

వేరుశనగ దారి అన్నిటికీ భిన్నం. పసుపు పువ్వు నేల పైనే పూసి, అక్కడే ఫలదీకరణం జరుగుతుంది. ఆ తర్వాత అండాశయం అడుగు భాగం కాడలా సాగి నేలలోకి దిగుతుంది. రైతులు ఊడలు దిగడం అనేది దీన్నే. కాయ మట్టిలోనే ఊరుతుంది, తనకు కావలసిన కాల్షియాన్ని చుట్టూ ఉన్న మట్టి నుంచి నేరుగా తీసుకుంటుంది. ఊడలు దిగే వేళకు జిప్సం వేయడం, నేల గుల్లగా తేమగా ఉండేలా చూడడం అందుకే ముఖ్యం.

తల్లిని వదిలి కొత్త నేలకు

గింజలన్నీ తల్లి చెట్టు కిందే పడితే వెలుగు, నీరు చాలవు. అందుకే దూరం పోయే ఉపాయాలు వాటికి పుట్టుకతోనే వస్తాయి. జిల్లేడు, బూరుగు విత్తనాలు దూదితో గాలికి ఎగురుతాయి. కొబ్బరికాయ పీచు సాయంతో నీళ్ల మీద తేలుతుంది. పల్లేరు, ఉత్తరేణి పశువుల ఒంటికీ మనుషుల బట్టలకూ అంటుకుని పోతాయి. ఎండిన ఆముదం కాయ చిట్లి గింజలు చిమ్ముతుంది. మర్రి, రావి, వేప పండ్లను తిన్న పక్షులు గింజలను దూరాన వదులుతాయి. పాత గోడల్లో రావి మొలకలు కనిపించడం ఈ పక్షుల వల్లే.

విత్తనంలోని పిండానికి నీరు, గాలి, తగిన వెచ్చదనం దొరికితే అది మేలుకుంటుంది. ముందు ప్రథమ మూలం కిందికి, తర్వాత ప్రథమ కాండం పైకి వస్తాయి. చింతగింజ మొలిస్తే లావాటి బీజదళాలు నేల పైకి వస్తాయి. శనగలో అవి మట్టిలోనే ఉండిపోతాయి. కొన్ని విత్తనాలు చాలా కాలం నిద్రలో ఉండగలవు. ఇజ్రాయెల్‌లోని మసాడా కోట తవ్వకాల్లో దొరికిన, సుమారు 2000 ఏళ్ల నాటి ఖర్జూర గింజ 2005లో మొలకెత్తింది. వేపగింజ మాత్రం కొద్ది వారాల్లోనే మొలిచే శక్తిని చాలావరకు పోగొట్టుకుంటుంది.

విత్తనం లేని దారి

పూల మొక్కలన్నీ విత్తనం మీదే ఆధారపడవు. అరటి పిలకలతో, పసుపు కొమ్ములతో, చెరకు ముచ్చెలతో, ఆలుగడ్డ కళ్లతో పెరుగుతాయి. తినే అరటి రకాలు చాలావాటిలో క్రోమోజోములు మూడు వరసలుండడం వల్ల సరైన బీజకణాలు ఏర్పడవు, ఫలదీకరణం లేకుండానే పండు ఊరుతుంది. మామిడిలో బంగినపల్లి టెంక నాటితే వచ్చే చెట్టు అదే రుచి ఇస్తుందన్న నమ్మకం లేదు, ఎందుకంటే టెంకలోని పిండానికి తండ్రి వేరే రకం కావచ్చు. అందుకే అంటు కడతారు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ పండు ప్రతి తోటలోనూ ఒకే రుచి నిలుపుకోవడానికి ఆ అంట్లే ఆధారం.

ఈ దారిలో ఒక ప్రమాదమూ ఉంది. అంట్లతో, పిలకలతో వచ్చిన మొక్కలన్నీ ఒకే పోలిక. ఒకదాన్ని పడగొట్టే తెగులు అన్నిటినీ పడగొడుతుంది. ఒకప్పుడు ప్రపంచ మార్కెట్‌ను ఏలిన గ్రోమిషెల్ అరటి తోటలు పనామా తెగులుతో నాశనమై, 1960ల నాటికి ఆ స్థానం కావెండిష్ రకానికి దక్కింది. పువ్వు ద్వారా పుట్టే సంతానంలోని వైవిధ్యం విలువ అప్పుడు అందరికీ తెలిసింది.

పూత దశలో మనిషి పాత్ర

పుప్పొడిని మోసే పనిలో మనిషి కూడా చేరాడు. వెనిలా తీగను మెక్సికో నుంచి హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవికి తెస్తే అక్కడ కాయలు కాయలేదు. 1841లో 12 ఏళ్ల బానిస బాలుడు ఎడ్మండ్ ఆల్బియస్ సన్నని పుల్లతో, బొటనవేలితో పుప్పొడిని కీలాగ్రానికి తాకించే పద్ధతి కనిపెట్టాడు. ఇప్పటికీ వెనిలా తోటల్లో ఆ పద్ధతే నడుస్తోంది. గద్వాల ప్రాంతంలో హైబ్రిడ్ విత్తన పత్తి పండించే చేలల్లో కూలీలు మొగ్గలోని కేసరాలను సాయంత్రం తీసేసి, మరుసటి ఉదయం వేరే రకం పుప్పొడిని ఒక్కో పువ్వుకూ చేత్తో అద్దుతారు.

కరీంనగర్, వరంగల్ ప్రాంతాల్లో ఆడమగ వరి అని పిలిచే సాగు కూడా ఇలాంటిదే. పుప్పొడి పనిచేయని ఆడ రకాన్ని, మగ రకాన్ని పక్కపక్క వరుసల్లో నాటుతారు. పూత వేళ తాడుతో గానీ కర్రలతో గానీ మగ వరుసలను కదిలించి పుప్పొడి ఆడ కంకుల మీద పడేలా చేస్తారు. ఆడ వరుసల్లో కట్టిన గింజే హైబ్రిడ్ విత్తనం.

ప్రపంచంలోని 115 ముఖ్య ఆహార పంటల్లో 87 పంటలు ఎంతో కొంత జీవుల పరాగ సంపర్కంతో లాభపడతాయి. పొద్దుతిరుగుడు చేలో తేనెటీగలు తక్కువైతే గింజ సరిగా నిండదు. అలాంటప్పుడు ఉదయం వేళ పువ్వు మీద మెత్తని బట్టతో సున్నితంగా రుద్దమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. పూత మీద ఉదయం పురుగుమందు కొడితే చీడతోపాటు తేనెటీగా చస్తుంది. మందు తప్పనిసరి అయితే తేనెటీగలు గూటికి చేరిన సాయంత్రం వేళ కొట్టడం మేలు.

వాతావరణం కూడా పూతను శాసిస్తుంది. వరి పువ్వు సాధారణంగా ఉదయం తొమ్మిది మొదలు మధ్యాహ్నం లోపు విచ్చుకుని, సుమారు ఒక గంటలో మూసుకుంటుంది. ఆ గంటలో వేడి 35 డిగ్రీలు దాటితే పరాగకోశాలు సరిగా విచ్చుకోక, పుప్పొడి సరిగా మొలవక తాలు గింజలు పెరుగుతాయి. ఎండలు ముదురుతున్న ఈ రోజుల్లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు ఒక అడవి వరి జాతి నుంచి తెల్లవారగానే పూసే గుణాన్ని తీసుకుని సాగు వరిలోకి చేర్చారు. వేడి పెరిగేలోపే ఆ వరి పూత పని ముగించుకుంటుంది. పంట దిగుబడిని ఎరువు, నీరు పెంచినా, గింజ కట్టడాన్ని తేల్చేది పూత వేళే కాబట్టి, పరిశోధన ఆ గంట మీద దృష్టి పెట్టింది.